గార్డుగారి బకెట్టు

మా పక్కింటి గార్డుగారు ఒక్కచోట కుదురుగా కూర్చోగా నేను చూడలేదు. రైల్వేలో గార్డుగా రిటైరై, ఈ హిందీవాళ్ల ఊళ్లో రాజ్‌కిశోర్ నగర్‌లో ఇల్లు కట్టుకున్నాక కూడా, ప్లాట్‌ఫారం మీదున్నట్టే చేతులు వెనక్కి కట్టుకుని వీధంతా పచార్లు చేసేవారు. ఆయన పక్కన నిలబడితే నాకూ కాలు నిలిచేది కాదు. దేన్నైనా తన కళ్లతో చూసుకోనిదే "ఆల్‌రైట్" అనేవారు కాదు.

మా వీధిలో కొత్త డ్రైను కట్టారు. ప్రారంభోత్సవానికి కార్పొరేటరు, కాంట్రాక్టరు ఒకే బండిలో దిగారు. పెద్దాయన కదా అని కొబ్బరికాయ గార్డుగారి చేతికిచ్చారు. ఆయన దాన్ని గట్టు మీద పెట్టి, ఇంట్లోంచి బకెట్టుడు నీళ్లు తెచ్చి డ్రైనులో కుమ్మరించారు. నీళ్లు ఆయన గేటు ముందే ఆగిపోయాయి.

"మీ స్కూటరు ర్యాంపే అడ్డం, అంకుల్‌జీ," అని కార్పొరేటరు హిందీలో నవ్వాడు. నిజమే. కాంట్రాక్టరుని బతిమాలి దాన్ని ఉంచుకున్నది ఆయనే. జనమూ నవ్వారు.

గార్డుగారి మొహం కందిపోయింది. "ఏటలా చూస్తావు? గునపం ఇలా ఇయ్యి!" అని నా మీద అరిచి, ర్యాంపు పగలగొట్టి, పెళ్లలన్నీ ఏరి పారేసి, మళ్లీ బకెట్టు వంచారు.

నీళ్లు కాస్త ముందుకు పోయి, వెనక్కి వచ్చేశాయి. డ్రైను వాలే తిరగబడి ఉంది.

ఈసారి ఎవరూ నవ్వలేదు. కార్పొరేటరు వాచీ చూసుకున్నాడు. గార్డుగారు కొబ్బరికాయ తీసి అతని చేతిలోనే పెట్టి, హిందీలోనే అన్నారు:

"అచ్ఛా, నాది తీసేశాను. ఇక మీది తీయండి. నీళ్లు పారాకే కొబ్బరికాయ, పారాకే బిల్లు. అంతవరకూ ఆల్‌రైట్ లేదు."