జోగులు తోమిన పడవ

మా జోగులు గురించి సెప్పాలంటే ముందు ఆడి నోటి గురించి సెప్పాలి. సేతుల సంగతి తరవాత.

నర్సీపట్నంలో చింతపల్లి రోడ్డు మీద నా టీ కొట్టుని ఆనుకునే ఆడి రేకుల షెడ్డు. కార్లకీ ఆటోలకీ రంగులేస్తాడు. పొద్దున్న తలుపు తీసిన కాణ్నించి గొప్పలే. గాజువాకలో పని నేర్సుకున్నాడట, ఈడి సెయ్యి సూసి అక్కడి మేస్త్రీ ఏడిసినాడట. ఏడిసే ఉంటాడు, నానూ రోజూ ఏడుస్తన్నాను. పుట్టింది కోటవురట్ల పక్కన. పదో తరగతి తప్పినాడు. వానాకాలంలో కూడా నల్ల కళ్ళజోడు తియ్యడు. రోడ్డు మీద ఎళ్ళే ప్రతి బండికీ వంక పెడతాడు. "ఆ బస్సుకి రంగేసినోడెవడు బుల్లమ్మక్కా, సున్నం కొట్టినట్టు కొట్టినాడు" అంటాడు. నీ మొకానికి కొట్టా సున్నం అనుకుంటాను.

తప్పు నాదని ఆడి నోట ఒక్క మాటు కూడా రాలేదు. రంగు పెచ్చులూడిపోతే ఎండది తప్పు. గీత కనిపిస్తే డ్రైవరుది తప్పు. ఆఖరికి ఆడు టీ గ్లాసు పగలగొట్టినా, గ్లాసు పల్సనయిపోనాదక్కా అంటాడు.

ఇంకో పిచ్చి కూడా ఉన్నాది. షెడ్డులోంచి బండి బయటికెళ్ళాలంటే బూడిద గుమ్మడికాయ మీద కర్పూరం ఎలిగించి దిష్టి తియ్యాల్సిందే. బండికి కాదండి బాబూ, ఆడి పనితనానికి దిష్టి తగుల్తాదట! రిజర్వాయరు గట్టున రిసార్టు కట్టిన రాజుబాబుగారని ఒక ఆసామి ఉన్నారు. ఆయన కారు బానెట్టుకి రంగేసి, అది ఆరకముందే దాని మీద గుమ్మడికాయ పెట్టి కర్పూరం ఎలిగించినాడు. కాయ దొర్లిపోనాది, కర్పూరం బానెట్టు మీద పడినాది, రంగంతా అప్పడంలాగ పొంగిపోనాది. తప్పయిపోనాది బాబూ అని ఒక్క ముక్క అంటే పోను. ఈడేటన్నాడో తెలుసా? "సూసినారా బాబూ, మీ కారుకెంత దిష్టున్నాదో! నాను తీసీబట్టి బానెట్టుతో పోనాది." రాజుబాబుగారు కొట్టడానికి సెయ్యెత్తి, రంగంటుకుంటాదని దించీసినారు. జోగులు సెయ్యి పడిన వస్తువేదీ తన గట్టు తొక్కకూడదని ఆ రోజే ఒట్టెట్టుకున్నారు.

ఇలాంటోడి సేతుల్లో నా సెల్లెలి కూతురు గంగాభవాని తన కూడు పెట్టినాది సూడండి.

దానికొక ఫైబరు పడవ ఉన్నాది. భీమిలిలో పాతది కొన్నారు. మొగుడు తాగుతాడు, అది తెడ్డేస్తాది. ఆదివారాలు రిజర్వాయరుకొచ్చినోళ్ళని తిప్పేది. ఎండకి ఎండి ఎండి ఆ పడవ పాలిపోనాది. సెయ్యేస్తే పౌడరు రాసుకున్నట్టు తెల్లటి పిండి అంటుకునేది. ఎక్కినోళ్ళ బట్టలకీ అంటుకునేది. ముసలి పడవ, ములిగిపోతాదని జనం ఎక్కడం మానేసినారు. దానికేటీ కాలేదు, చుక్క నీరు లోపలికి రాదు. జనానికి కావాల్సింది అది కాదు గదా!

అలాంటప్పుడు రాజుబాబుగారు పిలిసినారు. రిసార్టుకొచ్చినోళ్ళని తిప్పే పని ఇస్తానన్నారు. "గానీ పడవలో నా మొహం కనపడాలి. విశాఖ తీసుకెళ్ళి పాలిష్ చేయించు. ఇక్కడి పనోళ్ళని ముట్టుకోనిచ్చావో, తిప్పి పంపేస్తాను. ప్లాస్టిక్ బాతు పడవలు తెప్పించుకుంటాను" అన్నారు. లైఫ్ జాకెట్లు ఉన్నాయా అని అడగలేదు మహానుభావుడు. ఆయన మొహం కనపడాలట, అదేదో సూడాల్సిన మొహమైనట్టు.

ఆ పని దొరికితే గంగాభవాని ఇల్లు నిలబడతాది. లేదంటే పడవ అమ్ముకుని జీడితోటల్లోకి కూలికెళ్ళాలి. పడవని విశాఖ దాకా మోయించే తాహతు దానికెక్కడిది? ట్రాక్టరు మీద నర్సీపట్నం తేవడమే గగనమైనాది. నాను వద్దు వద్దంటన్నా ఇనకుండా జోగులు షెడ్డులో దింపినాది.

"ఓస్, ఇంతేనా!" అన్నాడు మా మొనగాడు. పాత ఆటో అమ్మీముందు అందరూ సేసే మాయే సేసినాడు. కొబ్బరినూనెలో కిరసనాయిలు కలిపి గుడ్డతో పులిమినాడు. పడవ నిగనిగలాడిపోనాది. దాని పక్కన నిలబడి నా సేత ఫొటోలు తీయించుకున్నాడు. సాయంత్రం జల్లు పడినాది. తెల్లారి సూస్తే ఒళ్ళంతా సారలు, పాత పడవే నయం అనిపించినాది. "ఈ వాన మంచిది కాదక్కా" అన్నాడు సిగ్గులేనోడు.

గంగాభవాని ఏడవలేదు. "బాబాయ్, ఇది అమ్ముకునీ ఆటో కాదు. నా కూడు. నీకు రాదంటే రాదని సెప్పీ, నా పడవ నాను తీసుకుపోతాను" అన్నాది.

నీకు రాదు అన్న మాట ఆడికి వాత పెట్టినట్టయినాది. ఆ పూటే సబ్బునీళ్ళతో జిడ్డంతా కడిగినాడు. వాటర్ పేపరని నీళ్ళలో తడిపి రుద్దే గరుకు కాయితం ఉంటాది. ముందు గరుకుది, తరవాత నున్నటిది, ఆ తరవాత ఇంకా నున్నటిది పెట్టి రుద్దుతూనే ఉన్నాడు. బియ్యం కడిగిన కుడితిలాగ తెల్లటి నీళ్ళు నా కొట్టు ముందుకి కారతన్నాయి. షెడ్డులో రుద్దే మిషనుండగా ఈ సేతి గోకుడేటిరా అన్నాను. "మిషను రాపిడికి ఏడెక్కి మాడిపోతాదక్కా, పడవ పైపొర పల్సన" అన్నాడు. బానెట్టు మీద కర్పూరం ఎలిగించిన్నాడు ఈ తెలివెక్కడికెళ్ళినాదిరా అన్నాను. ఇననట్టు నటించినాడు.

కాయితం పనయ్యాక రబ్బింగ్ కాంపౌండని మెరుగు తెచ్చే ముద్ద పెట్టి రుద్దినాడు. ఆఖర్న మైనం పూసి మళ్ళీ రుద్దినాడు. రుద్దిన సోట ఎలుగులో సూసుకోవడానికి కళ్ళజోడు తీసి ఎక్కడో పడేసినాడు. సేతి ఏళ్ళ మీద సర్మం లేసిపోనాది, గుడ్డపీలికలు సుట్టుకున్నాడు. బుజం పైకి లేవక టీ గ్లాసు ఎడం సేత్తో పట్టుకునీవోడు. నాను జాలి పడలేదు. సరిగ్గా సేసుంటే మొదటే అయిపోను గదా! నూనె పులిమినోడే దాన్ని కక్కాలి.

అయిపోనాక గంగాభవానిని పిలిసినాడు. ఆ పడవ నీలం రంగని నాకప్పటిదాకా తెలీదు. దాని మొకం అందులో కనపడతంటే అది పక్కకి తిరిగి కొంగుతో కళ్ళు ఒత్తుకున్నాది. మనోడు మొదలెట్టినాడు. "రేపే బోర్డు రాయిస్తానమ్మా, పడవలు కూడా మెరుగు పెట్టబడును అని. రాజుబాబుగారు సూడాల, సూసి నోరెళ్ళబెట్టాల!"

"బాబాయ్, నీ కాళ్ళు పట్టుకుంటాను. నీ పేరు బయటికొచ్చిందంటే నా పడవని తిప్పి పంపేస్తారు. ఒక్క రోజు నోరు మూసుకో" అన్నాది.

ఆడు నోరు మూసుకోవడమే! కుక్కని మొరగొద్దన్నట్టే. దానికితోడు గుమ్మడికాయ తెచ్చి పెట్టుకున్నాడు. అది నాను లాక్కుని వడియాలు పెట్టీసినాను.

పడవని దింపడానికి మనుసులు సాలక జోగులు కూడా ట్రాక్టరెక్కినాడు. తలకి తువ్వాలు సుట్టుకున్నాడు. నానూ ఎక్కినాను, ఆడు నోరిప్పితే గుడ్డ కుక్కడానికి.

రిజర్వాయరు గట్టుకి రాజుబాబుగారు వచ్చినారు. తెడ్డు సూడలేదు, అడుగు సూడలేదు. పడవ పక్కన వంగి తన మొహం సూసుకుని మీసం దువ్వుకున్నారు. "అదీ! విశాఖలోనే కదా?" అన్నారు.

"అవును బాబూ" అన్నాది గంగాభవాని నేల సూపులు సూస్తూ.

అప్పుడు ఆయన కన్ను తువ్వాలు మీద పడినాది. "నువ్వేంట్రా ఇక్కడ?"

గంగాభవాని సేతిలో తాడు బిగుసుకుపోనాది. జోగులు నోరు తెరిసినాడు. అయిపోనాది రా దేవుడా, దాని కొంప ముంచీసినాడు అనుకున్నాను.

"కూలికొచ్చినాను బాబూ. పడవ దింపడానికి" అన్నాడు.

రాజుబాబుగారు పకపకా నవ్వినారు. "రంగుల పని మానేసి మూటలు మోస్తున్నావా? మంచిదే. ఇలా రా. ముట్టుకోకు, దూరం నుంచి చూడు. పనంటే ఇది. నువ్వు ఏడు జన్మలెత్తినా నీ వల్ల కాదు."

జోగులు పీలికలు సుట్టిన సేతులు ఎనక్కి పెట్టుకున్నాడు. పడవ వైపు సూసినాడు. సేనా సేపు సూసినాడు.

"అవును బాబూ. నా వల్ల కాదు" అన్నాడు.

"రేపట్నుంచి పడవ ఇక్కడే పెట్టెయ్యమ్మా" అని గంగాభవానికి సెప్పి ఆయన ఎళ్ళిపోనారు. అందరం కలిసి పడవని నీళ్ళలోకి తోసినాం. గంగాభవాని జోగులు కేసి సూసి దండం పెట్టబోనాది. ఆడు అటు తిరిగీసినాడు.

తిరిగొచ్చినప్పుడు ట్రాక్టరు తొట్టిలో ఆడూ నానూ. గొలుగొండ దాటినా ఆడి దగ్గర్నించి సప్పుడు లేదు. దారిలో మాసిపోయిన ఆటోలు ఎన్నో ఎదురొచ్చినాయి, ఒక్కదానికీ వంక పెట్టలేదు.

"ఏట్రా, నోరు పడిపోనాదేటి?" అని ఎక్కిరించబోనాను.

"ఊరుకో అక్కా, ఏడుపొస్తన్నాది" అన్నాడు.

ఎదవ సచ్చినోడు, నాకూ తెప్పించినాడు.