నడిమిట్ల ఆమెన్

మొదటిసారి పీహెచ్‌డీ ఇంటర్వ్యూను నేను బస్సులోనే పోగొట్టుకున్నాను. తెల్లారకముందే మరిపెడలో ఎక్కితే తొర్రూరు దాటాక టైరు పంక్చరైంది. యూనివర్సిటీలో మా డిపార్ట్‌మెంట్ మెట్లెక్కేసరికి గదికి తాళం వేస్తున్నారు. అటెండరు జాలిపడి, వచ్చే ఏడు రామ్మా అన్నాడు. వచ్చే ఏడట! ఎంత తేలిగ్గా అనేశాడో. ఇంటికొచ్చి ఏడ్చాను. ఇంకొక్కసారి పోయొస్తాను, అప్పుడూ కాకపోతే చదువు మాటెత్తను, నువ్వు చెప్పిన ప్రైవేటు బళ్ళోనే టీచరుగా చేరతాను అని అమ్మకు మాటిచ్చాను.

అందుకే రెండోసారి పిలుపు రాగానే ఒకటి గట్టిగా అనుకున్నాను. ముందురోజే వెళ్ళాలి, రాత్రి అక్కడే ఉండాలి. ఎక్కడ ఉండాలన్నదే తెగలేదు. గెస్ట్‌హౌస్ బయటి ఊళ్ళ ప్రొఫెసర్లకట. హాస్టల్లో తెలిసినవాళ్ళుంటే ఒక రాత్రి సర్దుకోవచ్చు, నాకెవరున్నారు? హనుమకొండ చౌరస్తా దగ్గర లాడ్జి తీసుకుంటాను, అక్కణ్ణుంచి ఒక్క ఆటోలో గేటు దగ్గర దిగొచ్చు అన్నాను. అమ్మ చేస్తున్న పని ఆపేసింది.

"కొత్తవాడల చిన్నమ్మను పెట్టుకొని లాడ్జిల పంటవా? నా చెల్లెకు నేను మొఖమెట్ల చూపియ్యాలె?"

బయటివాళ్ళకు వరంగల్, హనుమకొండ రెండూ ఒకటే ఊరు. ఆటోలో ఇరుక్కుని కూచున్నవాళ్ళకు కాదు. కొత్తవాడ వరంగల్ వైపు, యూనివర్సిటీ హనుమకొండకు ఆ చివర. ఎంత చెప్పినా అమ్మ వినలేదు. చివరికి చిన్నమ్మ ఇంటికే సంచీ సర్దుకున్నాను.

దూరం కన్నా నన్ను ఎక్కువ భయపెట్టింది చిన్నబాపు, అంటే చిన్నమ్మ భర్త. ఇంట్లోనే మగ్గం మీద జంపఖానాలు నేస్తాడు. అక్కడి చర్చిలో సంఘపెద్ద కూడా. చాలా మంచివాడు. కానీ నేతలో గానీ ప్రార్థనలో గానీ తొందరన్న మాట ఎరగడు. ఆ ఇంట్లోంచి ఎవరు ప్రయాణమైనా ప్రార్థన చేయనిదే గడప దాటనివ్వరు. ఆ ప్రార్థనకు ఒక వరుస ఉంది. ఊరందరి కోసం అడిగాక, అన్నిటికన్నా చివర, బయల్దేరే మనిషి తల మీద చెయ్యిపెట్టి వాళ్ళ కోసం అడుగుతాడు. ముఖ్యమైన మాట ఆఖరున రావాలని ఆయన పట్టింపు.

కొత్తవాడలో సంచీ దించి, ఆ సాయంత్రమే ఒకసారి యూనివర్సిటీ దాకా పోయి చూసుకొచ్చాను. మళ్ళీ మోసపోదలచుకోలేదు. కొత్తవాడలో షేర్ ఆటో నిండేదాకా కదలదు. హనుమకొండ చౌరస్తాలో దిగి ఇంకోటి మారాలి. అది మెయిన్ గేటు దగ్గర దింపేస్తే లోపల నడవలేక కాళ్ళు పడిపోతాయి. అదే రెండో గేటు దగ్గర దిగితే మా డిపార్ట్‌మెంట్ ఎదురుగానే ఉంటుంది. ఇవన్నీ ఆనవాలు పట్టుకుని, పొద్దున ఎనిమిదింటికల్లా బయటపడాలని చిన్నమ్మకు పదిసార్లు చెప్పాను.

చిన్నమ్మ మాట నిలబెట్టుకుంది. వేళకే అన్నం, గుడ్డుకూర పెట్టింది. చెప్పులేసుకోబోతుంటే చిన్నబాపు, జర కూసో బిడ్డా అన్నాడు. కూచున్నాను.

రాత్రి కాపాడినందుకు స్తోత్రంతో మొదలుపెట్టాడు. సంఘం అయింది. పాస్టరుగారి మోకాలు, దవాఖానలో ఉన్న పక్కింటి పెద్దవ్వ అయ్యారు. నూలు వేళకు అందాలన్నాడు, వానలు పడాలన్నాడు. ఏలేవాళ్ళకు బుద్ధి ఇమ్మన్నాడు. ఒక కన్ను తెరిచి గోడగడియారం చూశాను. ఎనిమిది దాటి చాలాసేపైంది. ఆయన అప్పుడే సరిహద్దుల్లో సైనికుల దగ్గరికి చేరుకున్నాడు. నాకు ఒళ్ళు మండింది. పంక్చరైన బస్సు, తాళం వేస్తున్న చెయ్యి, వచ్చే ఏడు రామ్మా అన్న మాట, అన్నీ ఒక్కసారి కళ్ళముందుకొచ్చాయి. ఆయన ఊపిరి తీసుకోవడానికి ఆగాడు.

"ఆమెన్" అన్నాను, గట్టిగా.

అలవాటు కొద్దీ చిన్నమ్మ కూడా ఆమెన్ అనేసింది. చిన్నబాపు చెయ్యి గాల్లోనే ఉండిపోయింది. పోయొస్తా చిన్నబాపూ అని సంచీ అందుకుని, ఆయన మొహం చూడకుండా బయటపడ్డాను. గట్ల నడిమిట్ల లేస్తరానే అని చిన్నమ్మ కేకేస్తూనే ఉంది.

అడ్డా మీద ఆటోలో ఇద్దరే ఉన్నారు. నిండేదాకా కూచుంటే నా పని అయినట్టే. మెయిన్ రోడ్డు దాకా పరుగెత్తి, పోతున్న ఆటోను ఆపి డ్రైవరు పక్కన ఇరుక్కున్నాను. చౌరస్తాలో మారాను. ఆ రెండో ఆటో అతను మెయిన్ గేటు దాకే అన్నాడు. రెండో గేటు దాకా దిగేది లేదని నేను మొండికేశాను. గొణుక్కుంటూనే తీసుకుపోయాడు. కానీ దారంతా లోపల గుబులు. అందరి కోసం అడిగాడు, నా వంతు రాకముందే నేనే మూసేశాను. నా కోసం ఎవరూ అడగకుండానే ఇంత పెద్ద పనికి పోతున్నానే అని భయమేసింది.

వరండాలోకి అడుగుపెట్టేసరికి నా పేరు రెండోసారి పిలుస్తున్నారు. ఉన్నా సార్ అని అక్కణ్ణుంచే అరిచాను. మా వైపు నాట్ల పాటల మీద పని చేస్తానని చెప్పాను. అడిగినవాటికి తడబడకుండా జవాబిచ్చాను. సీటు వచ్చిన సంగతి తర్వాతెప్పుడో తెలిసింది. ఆ రోజుకు నా మాట నేను చెప్పుకోగలిగాను, అదే చాలనిపించింది.

సాయంత్రం తిట్లకు సిద్ధపడి కొత్తవాడ చేరాను. చిన్నబాపు మగ్గం మీద ఉన్నాడు, తలెత్తలేదు. పొద్దున్నుంచీ ముద్ద ముట్టలేదని చిన్నమ్మ చెవిలో చెప్పింది. కోపమొచ్చిందా చిన్నబాపూ అని అడిగాను.

"కోపమెందుకు బిడ్డా. ఆమెన్ నువ్వన్నవ్, నేననలే. నీ వంతు కాడ ఆగింది. అది ఖతం గాకుండ అన్నమెట్ల తింట?"

మగ్గం దిగి చేతులు కడుక్కుని వచ్చాడు. నేను కింద కూచున్నాను. పొద్దంతా నూలు పట్టిన చెయ్యి తల మీద బరువుగా ఆనింది. పొద్దున ఆగిన చోటి నుంచే మొదలుపెట్టాడు. బిడ్డకు ఆటో జల్ది దొరకాలె అన్నాడు. నడుమ యాడా ఆగొద్దన్నాడు. పేరు పిలిచే యాల్లకు బిడ్డ ఆడ ఉండాలె ప్రభువా, సార్లు అడిగితే నోరు తడబడొద్దు అన్నాడు. పొద్దున జరిగిపోయినవన్నీ ఒక్కటీ వదలకుండా సాయంత్రం కూచుని అడిగాడు. నాకు కన్నీళ్ళు ఆగలేదు. ఆయన ఆమెన్ అనేదాకా ఆగి, తర్వాత నేనన్నాను.

అప్పుడు చిన్నమ్మ ఆయనకు అన్నం పెట్టింది.