దూదితో రాసిన మందు

నా ముక్కుకు రెండు పక్కలా, బుగ్గల మీదా ఎర్రటి బొడిపెలుండేవి. అశోక్ నగర్ హాస్టల్లో అందరూ మొటిమలే అనుకున్నారు. గ్రూప్స్ కోచింగ్‌కు వచ్చిన మాకు తెలియని విషయమంటూ ఏముంటుంది? శనగపిండి రాయమని ఒకరు, నూనె వస్తువులు మానమని ఇంకొకరు. నా మొహం మాత్రం ఎవరి మాటా వినలేదు.

ఊళ్ళో అయితే ఎవరూ మందు చెప్పలేదు. అమ్మ ముక్కు పక్కనా అలాంటివే నాలుగుండేవి. అచ్చం తల్లి పోలికేనని అందరూ అంటుంటే అమ్మ మురిసిపోయేది.

2012 వేసవిలో అమ్మ వచ్చి నన్ను నారాయణగూడలో ఒక చర్మం డాక్టరుగారికి చూపించింది. "ఇవి మొటిమలు కావమ్మా. పుట్టుకతో వచ్చే అరుదైన జబ్బు" అన్నారాయన. తర్వాత అమ్మను చేతులు చూపించమన్నారు. అమ్మ గోళ్ళ పక్కన చిన్న చిన్న కండలు పెరిగి ఉంటాయి. నాట్లు వేసీ వేసీ వచ్చాయని మేమనుకునేవాళ్ళం. "మీ నుంచే వచ్చి ఉంటుంది" అని ఆయన నెమ్మదిగానే చెప్పారు. బొడిపెలు లేజర్‌తో తీసేస్తాననీ, కొన్నాళ్ళకు మళ్ళీ రావచ్చనీ కూడా చెప్పారు.

చిక్కడపల్లి దాకా నడిచాం. అసలే నాకు కోపం ముక్కు మీదుంటుంది. రోడ్డు మీదే అనేశాను.

"నీ మూలంగనే నాకీ మొకం వచ్చింది."

అమ్మ చేతులు కొంగులో దాచుకుంది. ఆ మాట అన్నందుకు నన్ను నేను ఇప్పటికీ క్షమించుకోలేదు.

లేజర్ పెట్టినప్పుడు కాలిన వెంట్రుకల వాసన వచ్చింది. మొహమంతా పచ్చిపుండయింది. అమ్మ వారం రోజులు హాస్టల్లో నా మంచం పక్కన కింద పడుకుని, పూటపూటా మందు రాసింది. వేలితో కాదు, దూదితో.

"వేలితోని రాయమ్మా, దూది అతుక్కుంటున్నది."

"నా చెయ్యి వద్దు బిడ్డా."

అది అంటుకునే జబ్బు కాదని తనకూ తెలుసు.

పుండ్లు ఎండి పక్కులు రాలిపోయాక నా ముందు అద్దం పట్టుకుని, "ఇగ నా పోలిక లేదు బిడ్డా" అంది. సంతోషంగానే అంది.

ఊరెళ్ళాక ప్రతి ఆదివారం ఫోన్ చేసేది. "మళ్ల వచ్చినయా?" అన్నదే మొదటి మాట. లేవనేదాన్ని. కొన్నాళ్ళు అది నిజమే. ఏడాది తిరక్కముందే ముక్కు పక్కన రెండు లేచాయి, తర్వాత బుగ్గ మీద. అయినా లేవనే చెప్పాను.

మరుసటి ఏడు బతుకమ్మకు రమ్మంది. "పరీక్షలున్నయమ్మా" అన్నాను.

"మంచిగ రాయి బిడ్డా. మొకం మంచిగైంది, ఇగ నౌకరి గూడ వస్తది" అంది.

ఆ ఏడాది గ్రూప్స్ నోటిఫికేషనే పడలేదు.