ఫెర్మిన్ మామయ్య చూపుడువేలు

మా ఫెర్మిన్ మామయ్య ఎదురొచ్చే ప్రతి బండికీ వేలెత్తుతాడు. చెయ్యి స్టీరింగు మీదే ఉంటుంది. చూపుడువేలు ఒక్కటే లేస్తుంది, గడ్డిపోచ మీంచి మిడత లేచినట్టు. అవతలివాడూ ఎత్తాలి. మా లోయలో పలకరింపంటే అంతే. గొర్రెలు కాయడానికి బాస్క్ కొండల నుంచి ఐడహో వచ్చిన వంశం మాది. మాటలు దుబారా చెయ్యడం ఎవరికీ అలవాటు లేదు.

మామయ్య పడుచువాడుగా ఉన్నప్పుడు మాగ్‌పై రోడ్డు మీద ఎదురయ్యేవి ఒక పాలబండి, ఒక చక్కెరదుంపల లారీ, పక్క పొలం వెర్న్ టోల్మన్ ట్రక్కు. ఓ చలికాలం పొద్దున వెర్న్ వేలెత్తలేదు. మామయ్య బండి తిప్పి అతని వెనకే ఇంటికి వెళ్ళాడు. చూస్తే వెర్న్ భార్య జ్వరంతో మంచం పట్టింది, పితికే దిక్కులేక ఆవులు అరుస్తున్నాయి. మామయ్య చొక్కా చేతులు మడుచుకుని పీట లాక్కున్నాడు. ఆ రోజు నుంచి మా ఇంట్లో ఒక శాసనం: "వేలెత్తలేదంటే ఏదో అయిందన్నమాట. వెనకాల వెళ్ళాలి. ఉత్త చేతులతో వెళ్ళకూడదు."

శాసనం బాగానే ఉంది. ఊరే ఊరుకోలేదు.

ముందు పుదీనా చేలు పోయాయి. ఆగస్టు నెలంతా మా లోయ ఆ వాసనలోనే మునిగి తేలేది. ఆ చేలు దున్నేసి ఇళ్ళు కట్టి, కాలనీకి 'పుదీనావనం' అని పేరు పెట్టారు. వెర్న్ పాలశాల పడగొట్టి 'పాలపచ్చిక' కట్టారు. "దేన్ని చంపితే దాని పేరు పెడతార్రా వీళ్ళు," అనేవాడు మామయ్య. పడుకుని లేచేసరికి రోడ్డు ఒక వరస వెడల్పయ్యేది. గడ్డం గీసుకునేలోపు మలుపులో ఓ కొత్త సిగ్నలు మొలిచేది. కాలిఫోర్నియా నుంచి, సియాటిల్ నుంచి ఇంటి సామాను లారీలు వలస పిట్టల్లా దిగుతూనే ఉండేవి, వెళ్ళే కాలం మాత్రం మరిచిపోయిన పిట్టలు.

అయిదు వరసల రోడ్డు మీద మామయ్య వేలికి దిగే తీరిక లేదు. కుట్టుమిషను సూదిలా ఆడుతూనే ఉండేది.

"ఈ ఒక్క వేలే ఎందుకు వాచింది? ఏం పని చేస్తుంటారు?" అని అడిగాడు డాక్టరు.

"పలకరిస్తుంటాను."

కొత్తవాళ్ళలో కొందరు జవాబుగా మధ్యవేలు ఎత్తేవారు. మామయ్య పక్కసీట్లో ఉన్న నాకు చూపించి మురిసిపోయేవాడు. "చూశావా చోమిన్, పలుకుతున్నారు! ఏ వేలో ఇంకా తెలీదు పాపం. నేర్చుకుంటార్లే."

చిక్కంతా అసలేమీ ఎత్తనివాళ్ళతోనే. ఊరు ఊరంతా ఏదో అయిపోయిందని ఆయన బెంగ. బెగోన్యా అత్తయ్య గిన్నెల కొద్దీ చిక్కుడుగింజల పులుసు కాచేది, చోరిసో అనే కారం పట్టించిన పందిమాంసం ముక్కలు దండిగా వేసి. "ఈయన వేలెత్తుతాడు, నా నడుం పడిపోతుంది," అంటూనే ఇంకో గుప్పెడు గింజలు పోసేది. మామయ్య ఆ గిన్నె పట్టుకుని ముక్కూమొహం తెలియనివాళ్ళ గుమ్మాల ముందు దిగేవాడు.

"ఇంట్లో అందరూ బాగున్నారా?"

"ఏం అమ్ముతున్నావ్?"

"ఏమీ లేదు. పులుసు."

"ఎంత?"

"కొంచెం ఉప్పెక్కువైంది."

అలా ఒకరోజు పుదీనావనంలోకి వెళ్తున్న నీలం కారు వెంటపడ్డాడు. గేటు దగ్గర కారు ఆగింది. నడుపుతున్నది ఓ నలభయ్యేళ్ళావిడ. తర్వాత తెలిసింది, పేరు నోరీన్ ప్రాట్ అని.

"నా వెనకాల ఎందుకొస్తున్నారు?"

"నువ్వు వేలెత్తలేదమ్మా. ఏమైందో అని."

ఆవిడ అద్దం పైకి లాగేసింది. మామయ్య గిన్నె గేటు పక్క గట్టు మీద పెట్టి వచ్చేశాడు. మేం గొర్రెల్ని చూసుకుని ఇల్లు చేరేసరికి పోలీసు కుర్రాడు మా వాకిట్లో టోపీ నలుపుకుంటూ నిలబడి ఉన్నాడు.

"ఫెర్మిన్ బాబాయ్, ఇంకొక్కసారి ఎవరి వెంటైనా పడ్డావంటే లైసెన్సు తీసేస్తారట. నా చేతుల్లో లేదు."

మామయ్య మొహం పాలిపోయింది. మా గొర్రెలు కాలవ అవతల పొలంలో ఉంటాయి. బండి లేకపోతే గొర్రెలు లేవు, గొర్రెలు లేకపోతే ఆ పొలం ఉంచుకోవడానికి కారణమే లేదు. ఇళ్ళు కట్టేవాళ్ళు ఇప్పటికే దానికి 'గొర్రెలకొండ' అని పేరు కూడా అనుకున్నారట.

అత్తయ్య పెట్టె తీసి ఉన్ని చేతితొడుగులు బయటికి లాగింది, బొటనవేలు తప్ప మిగతా నాలుగూ ఒకే సంచిలో ఉండేవి. "తొడుక్కో. ఇప్పుడెత్తు చూద్దాం."

ఆగస్టు ఎండలో ఉన్ని తొడుగులతో మామయ్య బండి నడిపాడు. ఎదురుగా బండ్లు మెరుస్తూ వస్తున్నాయి, పోతున్నాయి. తొడుగు లోపల ఏదో పిట్టపిల్ల కొట్టుకుంటున్నట్టు కదలిక. ఉండబట్టలేక గడ్డం ఎగరేయడం మొదలుపెట్టాడు.

"మామయ్యా, రోడ్డు చూడు!"

"చూడ్డం వల్లే కదరా బాధ."

ఇంతలో నేను అద్దంలో చూశాను. వెనక నీలం కారు. మేం తిరిగితే తిరుగుతోంది, ఆగితే ఆగుతోంది.

"ఆవిడే! ఫిర్యాదు చేసినావిడ!"

"నేనేం ఎత్తలేదే!" అన్నాడు మామయ్య. "గడ్డం కూడా లెక్కే అంటారా?"

బండి మా వాకిట్లో ఆగింది. కారూ ఆగింది. నోరీన్ దిగింది. చేతిలో మా గిన్నె. తళతళా తోమి ఉంది, నిండా నిమ్మకాయలు.

"కాలిఫోర్నియాలో మా అమ్మ పెరట్లోవి," అంది. తర్వాత తడబడుతూ, "ఇందాక మీరు ఎదురొచ్చారు. నేను వేలెత్తాను. మీరు ఎత్తలేదు. ఏమైందో అని వచ్చాను."

మామయ్య బండి దిగాడు. రెండు తొడుగులూ ఎత్తి చూపించాడు.

అత్తయ్య వాకిట్లోకి వచ్చింది. "మరి పోలీసులకెందుకు చెప్పావమ్మా?"

"ముందు భయపడి చేశాను. కానీ ఆ కుర్రాడు ఫోన్లో చాలాసేపు మాట్లాడాడు. ఈ ఊరొచ్చాక నాతో అంతసేపు ఎవరూ మాట్లాడలేదు. మా గేటు యంత్రం తప్ప, అది కూడా 'దయచేసి వేచి ఉండండి' అంటుంది. అతను ఇంకా ఏమైంది, ఇంకా ఏమైంది అని అడుగుతుంటే, ఫిర్యాదు కాస్త పొడుగైంది."

అత్తయ్య నవ్వుతూ రొట్టె కోసింది. మొదటి ముక్క కుక్కకి, కాపరుల ఇళ్ళలో అది ఆచారం. రెండోది నోరీన్‌కి. తింటూనే ఆవిడ పోలీసు కుర్రాడికి ఫోన్ చేసి ఫిర్యాదు వెనక్కి తీసుకుంది. ఆ సంభాషణ మొదటిదానికన్నా పొడుగ్గా సాగింది. ఈలోగా తొడుగులు కుక్క పరుపులోకి చేరాయి.

ఆవిడ వెళ్తూ మలుపు దగ్గర కిటికీలోంచి వేలెత్తింది. మామయ్యా ఎత్తాడు, వాకిట్లో నిలబడి, స్టీరింగు లేకుండానే. కారు ఆ మెరుపుల ప్రవాహంలో కలిసిపోయింది.

"చూశావా చోమిన్?"

"చూశాను మామయ్యా. ఎంత బాగా ఎత్తింది!"

"ఎడమచెయ్యి ఎత్తింది." మామయ్య అప్పటికే జేబులో తాళాలు వెతుక్కుంటున్నాడు. "కుడిచేతికేదో అయినట్టుంది. పద."

లోపల అత్తయ్య పొయ్యి వెలిగించిన చప్పుడైంది.