ఆగమని తట్టే చెయ్యి

మోనాచారి అన్న రష్యా నుంచి తిరిగొచ్చాక నాలుగు నెలలు గడిచాయి. అయినా జోగులమ్మ వదిన సమ్మెట ముట్టలేదు. అమరచింతలో, ఆత్మకూరు రోడ్డు మీద, నా చాయ్ హోటల్‌కు ఎదురుగానే వాళ్ల కొలిమి. ఇరవై ఏళ్లు ఆ సమ్మెట మోతకు నా గాజు గ్లాసులు బల్ల మీద గలగలలాడేవి. రోజూ తిట్టుకునేదాన్ని. ఆ నాలుగు నెలలూ గ్లాసులు చప్పుడు చేయలేదు, నాకేమో పొద్దు గడవలేదు.

సమ్మెట కొట్టేది ఆడమనిషేమిటని మాత్రం అడక్కండి, నాకు ఒళ్లు మండుతుంది. వాళ్లింట్లో మొదటి నుంచీ అంతే. మగవాడు ఎడమచేత్తో పట్కారు పట్టి ఎర్రగా కాలిన ఇనుమును దాగలి అనే ఇనుప దిమ్మ మీద పెడతాడు. కుడిచేతిలోని చిన్నసుత్తితో దెబ్బ ఎక్కడ పడాలో చూపిస్తాడు. ఆ చూపిన చోట సమ్మెటతో మోదేది ఇంటి ఆడదే. వదిన గద్వాల వైపు నుంచి కోడలిగా వచ్చినప్పుడు మామగారు మొదట నేర్పింది కొట్టడం కాదు, ఆగడం. చిన్నసుత్తి ఇనుమును వదిలి ఖాళీ దాగలి మీద ణంగ్ మన్నదంటే సమ్మెట ఎక్కడున్నా అక్కడే ఆగాలి. ఆ మరుక్షణం మొగుడి చెయ్యి, ఇనుము మీద రేగిన పెచ్చులు దులపడానికి, సమ్మెట కిందికి వస్తుంది. ముప్పై ఏళ్లలో ఆమె ఒక్కసారి కూడా తప్పలేదు. అన్న తల ఎత్తి చూసేవాడు కూడా కాదు. తట్టేవాడు, చెయ్యి పెట్టేవాడు.

ట్రాక్టర్లొచ్చి నాగళ్లు పోయాక పని పలచబడింది. రష్యాలో కమ్మరివాళ్లు కావాలంటున్నారని వనపర్తిలో ఒక ఏజెంటు చెబితే, నలభై ఎనిమిదేళ్ల వయసులో అన్న బయలుదేరాడు. "రెండేండ్లే వసంతా, మీ వదినను జర చూస్తుండు" అని నాకు అప్పజెప్పి మరీ పోయాడు.

ఆ ఊరి పేరు నాకు నోరు తిరగదు. చిన్న ఊరు, ఫోన్లో చూపించేవాడు. నడుమ పెద్ద చెరువు, గడ్డకట్టి తెల్లగా. మూడొందల ఏళ్ల కిందట ఏటికి అడ్డంగా కట్ట వేసి, ఆ నీటితో చక్రాలు తిప్పి సమ్మెటలు ఆడించేవారట. ఊరు పుట్టిందే ఆ సమ్మెటల కోసం. అందులో ఒకదాన్ని చౌరస్తాలో దేవుడిలా నిలబెట్టుకున్నారు. మ్యూజియంలో వాళ్ల తాతముత్తాతల పట్కార్లు, చిన్నసుత్తులు అద్దాల పెట్టెల్లో ఉన్నాయి. "మనోళ్లే వసంతా, తోలు తెల్లగున్నది, గంతే!" అని అన్న ఒకటే సంబరం.

ఫ్యాక్టరీలో సమ్మెట లారీ కంటే ఎత్తు. మీట పట్టి దాన్ని ఆడించేది గలీనా అనే ఆడమనిషి. వదిన ఈడుదే. అన్న ఇంటి నుంచి తీసుకుపోయిన చిన్నసుత్తితో ఆ పెద్ద దాగలి అంచున తట్టేవాడు. అట్లా కాదు, చేత్తో సైగ చెయ్యాలని మేస్త్రీ చెబుతూనే ఉన్నాడట. ముప్పై ఏళ్ల అలవాటు వింటుందా? గలీనాకు వారం తిరక్కుండానే ఆ తట్టు అర్థమైంది. "గలీనమ్మ గూడ మీ వదినలెక్కనే ఆగుతది" అని అన్న ఫోన్లో మురిసిపోతుంటే వదిన మూతి తిప్పింది.

"ఆగుతదంట! ఏం జూస్కొని ఆగుతదో!"

నేను పగలబడి నవ్వాను.

పుష్యమాసంలో ఒకరోజు గలీనాకు జ్వరమొచ్చి పనికి రాలేదు. మీట దగ్గర వేరే మనిషి కూర్చున్నాడు. అన్న తట్టాడు. తల ఎత్తకుండా కుడిచెయ్యి పెట్టాడు.

నెల తర్వాత మణికట్టు దాకా చెయ్యి లేకుండా ఇల్లు చేరాడు. అప్పటి నుంచి రోజూ చల్లారిన కొలిమి ముందు కూర్చునేవాడు. మొండిచెయ్యి మెల్లగా లేచేది, దిగేది, మళ్లీ లేచేది. చూడలేక ఒకరోజు చాయ్ ఇస్తూ అడిగేశాను.

"ఏందన్నా, నొస్తుందా?"

"నా చెయ్యి ఈడ్నే ఉన్నది వసంతా. తడుతనే ఉన్నది. ఆగు, ఆగు అని తడుతనే ఉన్నది. ఎవ్వరు ఆగుతలేరు."

చాయ్ గ్లాసు ఆయన ఎడమచేతిలో పెట్టి వచ్చేశాను.

వదినకేమో ఆ తట్టు వినపడేదట. అన్నం వారుస్తున్నా, బట్టలు పిండుతున్నా ణంగ్ మనేదట. ఉత్త మాట కాదు, నేను చూశాను. బిందె ఎత్తబోయిన మనిషి ఎత్తకుండా, దించకుండా, నడుం వంచినది వంచినట్టే నిలబడిపోయేది. పిలిచినా పలికేది కాదు. నాకు భయమేసేది.

విత్తనాలేసే మిరుగం కార్తె దగ్గరపడింది. నాగప్ప అనే రైతు మొనపోయిన గడ్డపార తెచ్చి, సాగగొట్టి ఇమ్మన్నాడు. అన్న వదిన ముఖం చూశాడు.

"చేద్దామానే?"

"నేను ముట్ట!" వదిన అరుపుకు రోడ్డు మీద ఆటో ఆగింది. "ఉన్న ఒక్క చెయ్యి గూడ నా సమ్మెట కింద వడితే ఏం జెయ్యాలె? ఎడమచేత పట్కారు వట్టుకుంటవు. మరి తట్టేటందుకు చెయ్యేది? ఆగుమని నాకెవలు చెప్తరు?"

రేపు పాత సామాన్ల బండి వస్తే దాగలి ఇచ్చేద్దామని కూడా అనేసింది. అది అన్న వాళ్ల తాతది.

మర్నాడు బండి రాకముందే గలీనా ఫోన్ చేసింది. చాయ్ ఇవ్వడానికి పోయి నేనక్కడే ఉన్నాను. తెల్లజుట్టు మనిషి, ఏడ్చి ఏడ్చి ముక్కు ఎర్రబడింది. ఆమె మాటలను ఆమె ఫోనే హిందీలోకి మార్చి చెబుతోంది. మ్యూజియంలో నిలబడి, అద్దాల పెట్టెలో ఆ ఊరి పాత సుత్తుల పక్కన పెట్టిన, అన్న అక్కడే వదిలొచ్చిన చిన్నసుత్తిని చూపించింది. ఆ తర్వాత గలీనాది ఒకటే మాట. ఆ రోజు నేను లేను. ఆ రోజు నేను లేను.

వదిన ఫోన్ లాక్కుంది. "నేను గూడ లేకుంటినక్కా!" అని తెలుగులోనే బావురుమంది. ఆ ఫోన్ దాన్ని ఎట్లా చెప్పిందో, అసలు చెప్పిందో లేదో, ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకుంటూ ఏడ్చారు.

ఫోన్ పెట్టేశాక అన్న నెమ్మదిగా అన్నాడు. "నా చెయ్యి సమ్మెటకు పోలేదే. సమ్మెట కాడ తెలిసిన మనిషి లేక పోయింది."

వదిన గడ్డపార వైపు చూసింది. తర్వాత లేచి కొలిమిలో బొగ్గు పోసింది. పాత సామాన్ల బండివాణ్ని నాలుగు తిట్లు తిట్టి నేనే పంపేశాను.

"ఇగ జూడు, లెక్కవెట్టి పది దెబ్బలేస్త. పది అయినంక నేనే ఆగుత. పది అయ్యేదాంక నువ్వు కదలొద్దు" అంది వదిన. అన్న సరేనన్నాడు. ఎర్రగా కాలిన మొనను దాగలి మీద పెట్టి ఎడమచేత్తో పట్కారు బిగించాడు. కుడి మొండిచెయ్యి దానంతటదే గాలిలోకి లేచింది.

వదిన కొట్టింది. నా గ్లాసులు గలగలమన్నాయి. నేను హోటల్ గడపలో నిలబడి పైకే లెక్కపెట్టాను. ఒకటి, రెండు, మూడు, నాలుగు, అయిదు. ఆరో దెబ్బకు సమ్మెట తల మీదికి లేచింది. లేచింది లేచినట్టే ఆగిపోయింది.

అప్పుడు జారింది పట్కారు. గడ్డపార కింద పడింది, ఆ బరువుకు అన్న ముందుకు తూలాడు, ఎడమచెయ్యి పోయి సరిగ్గా దాగలి నడిమధ్యన పడింది. పైన సమ్మెట అలాగే ఉంది. చెయ్యి వెనక్కి తీసుకుని, దాగలి ముందు కూర్చుని ముప్పై ఏళ్లలో మొదటిసారి, అన్న తల ఎత్తి ఆమెను చూశాడు.

"ఆరుకే ఎందుకాగినవే?"

"నువ్వే గద తట్టినవ్!" అంది వదిన. సమ్మెట దించింది. ఆయన మొండిచెయ్యి వైపు చూసి, దాగలి వైపు చూసి, నా వైపు తిరిగింది.

"నువ్వు ఇన్నవా వసంతా?"

ఆ చిన్నసుత్తి ఎక్కడో మంచు ఊళ్లో అద్దాల పెట్టెలో ఉందని నాకు తెలుసు.

"ఇన్న వదినా" అన్నాను.