అడిగి ముట్టుకోమన్న పెద్ద సిస్టర్

మా హెడ్ నర్సు, మేమంతా పెద్ద సిస్టర్ అని పిలిచే మనిషి, పోయిందన్న కబురు సోమవారం పొద్దున, డ్యూటీ మారే వేళకు వచ్చింది. మేడ్చల్‌లోని మా పిల్లల వార్డు ఆయమ్మ ఫోను చెవి దగ్గర పెట్టుకుని అలాగే గోడకు ఆనుకుని నిలబడిపోయింది. "ఇగ లేదంట సిస్టర్. చాయ్ తాగుకుంట కూసున్నదట, గట్లనే పోయిందట" అంది. ఆమె రిటైరై రెండేళ్లు. అయినా ఆ మాట విని వార్డులో ఉన్నవాళ్లమంతా, ఇప్పుడేం చెయ్యాలో అడుగుదామన్నట్టు, ఆమె కూర్చునే బల్ల వైపే చూశాం.

కోపం లేని మనిషేం కాదు. ఆమె కేక వేస్తే మెట్ల మీద వార్డుబాయ్ ఆగిపోయేవాడు. కానీ పిల్లల మంచం దగ్గరికి వచ్చేసరికి మనిషే మారిపోయేది. చేతులు కడుక్కుని, రెండు అరచేతులూ రుద్ది వెచ్చచేసుకుని, "ఇంట్ల ఏమని పిలుస్తరు?" అని అడిగేది. చీటీ మీద ఎంత పెద్ద పేరున్నా సరే, బుజ్జోడో చిట్టెమ్మో, ఆ పేరును పెన్సిల్‌తో కేసు షీటు మూలన రాసేది. ఆ రాతలు చూసి డాక్టర్లు నవ్వేవారు. తర్వాత వాళ్లూ ఆ పేర్లతోనే పిలిచేవారు.

నేను నర్సింగ్ కాలేజీ నుంచి కొత్తగా వచ్చిన రోజులు. సూది పెట్టేటప్పుడు ఇంటివాళ్లు గదిలో ఉండకూడదని నేర్చుకుని వచ్చాను. నేర్చుకున్నదాన్ని మస్తు గట్టిగా పట్టుకున్నాను కూడా. "బయటికి నడువుండ్రి" అనడం నాకు ఊతపదం. నా వెనక నన్ను పోలీసు సిస్టర్ అనేవారట.

ఒకరోజు అలియాబాద్ నుంచి ఏడాదిన్నర పాపను తెచ్చారు. నిమోనియా. పాప తాత చెరువులో చేపలు పడతాడు, తండ్రి కూలికి పోతాడు. పాపను ఎత్తుకుని వచ్చింది నానమ్మ. అవ్వను బయటికి పంపి, సెలైన్ సూది పెట్టడానికి పాప చెయ్యి పట్టుకున్నాను. మణికట్టుకు నల్లదారం అడ్డం వచ్చింది. కత్తెరతో కత్తిరించి చెత్తడబ్బాలో పడేశాను. అది మైసమ్మ గుడి దగ్గర కట్టించిన దారం. తలుపు సందులోంచి అవ్వ అంతా చూస్తూనే ఉందని నాకు తెలియదు.

మధ్యాహ్నం నేను రికార్డులు రాసుకుంటుండగా మంచం ఖాళీ అయింది. ఎవరికీ చెప్పకుండా పాపను తీసుకుని వెళ్లిపోయారు. "మూర్ఖపు మనుషులు మేడం, మనమేం చేస్తాం?" అన్నాను నేను. పెద్ద సిస్టర్ నా వంక చూసింది. "ముందుగాల ఆటోను పిలువు. తిట్టుడు తర్వాత" అంది.

అలియాబాద్‌లో ఆ ఇంటి ముందు వలలు ఆరేసి ఉన్నాయి. అవ్వ గడపలోనే అడ్డం కూర్చుంది. "మా దారం సెత్త డబ్బల ఏసిన్రు. మా పిల్లను గూడ గట్లనే ఏస్తరా?" అని అడిగింది.

పెద్ద సిస్టర్ అవ్వ పక్కనే నేల మీద కూర్చుంది. "తప్పైంది అవ్వా. గీ సిస్టర్ది గాదు, నాది. అడిగి ముట్టుకోమని నేనే నేర్పలే. మళ్ల కట్టించు, ఈసారి కాలికి కట్టు. సూది చేతికి పెడ్తం. ఇగ ఒక్కటి సూడు. నువ్వు ఇంతమంది పిల్లలను సాదినవ్, నీకు ఎరుక. పిల్ల ఊపిరి తీస్తే డొక్క లోపటికి పోతాందా, లేదా?"

అవ్వ పాప గౌను పైకెత్తింది. చేయి పెట్టి చూసింది. చాలాసేపు చూసింది. వెళదాం పదండని అనడానికి నేను నోరు తెరవబోతే పెద్ద సిస్టర్ నా మోకాలు నొక్కింది.

"పోతాంది బిడ్డా" అంది అవ్వ చివరికి. లేచి, కొంగు నడుముకు చుట్టుకుంది. "ఆటో ఉన్నదా?"

అవ్వ ఆ నాలుగు రోజులూ పాప మంచం మీదే కూర్చుంది. ఎవరూ బయటికి పొమ్మనలేదు. డొక్క ఎగరడం తగ్గిందని నాకంటే ముందే ఆమె చెప్పింది, నిజంగానే తగ్గింది. పాప బతికింది. ఆ రోజు ఆటో దొరక్కపోయి ఉంటే ఏమయ్యేదో.

"పేషెంటు ఒక్కలు గాదే, మంచం సుట్టు నిలబడ్డోళ్లంత పేషెంట్లే" అనేది పెద్ద సిస్టర్. ఇప్పుడు కొత్త పుస్తకాల్లో ఆ మాటే పెద్ద పేరు పెట్టి రాస్తున్నారు. వార్డులో మాత్రం పిల్లలు ఎక్కువ, మేము తక్కువ, కంప్యూటర్లో నింపాల్సినవి ఇంకా ఎక్కువ. చిన్న వయసు తల్లులు జబ్బు గురించి ఫోన్లో చూసి వచ్చి అడుగుతుంటే మాకు చిరాకు. ఆమెకు చిరాకు ఉండేది కాదు. "మంచిగ సూసినవ్ బిడ్డా, ఏం సూసినవో నాకూ సూపెట్టు" అనేది. ఇద్దరూ ఒకే తెరలోకి తొంగిచూసేవారు.

ఆమె నాకు చదువు చెప్పలేదు. నా పొగరు దించింది. ఆ సంగతి ఆమెతో ఒక్కసారైనా చెప్పి ఉండాల్సింది, చెప్పలేదు.

దహనం అయిన మర్నాడు డ్యూటీకి వెళ్లాను. బహదూర్‌పల్లి నుంచి వచ్చిన రెండేళ్ల బాబుకు సెలైన్ పెట్టాలి. ట్రే చూడగానే తల్లి తనంతట తానే లేచి తలుపు వైపు నడిచింది. బయటికి పోవాలని ఎక్కడో ఎవరో నేర్పి ఉంటారు. "కూసో అమ్మా, ఒళ్లో పెట్టుకో" అన్నాను. కూర్చుంది. బాబు ఏడుస్తుంటే చెవిలో ఏదో చెబుతూ చెయ్యి పట్టుకుంది. సూది సరిగ్గానే పడింది. ప్లాస్టర్ అంటిస్తున్నాను. కళ్లు నిండాయేమో, అది మసకగా కనిపించింది. ఆ తల్లి సూది పడ్డచోట మెల్లగా ఊదుతోంది. ఒకసారి తలెత్తి నా మొహం చూసింది. మళ్లీ వంగి, బాబు చెయ్యితో పాటు నా చేతి మీద కూడా ఊదింది.