సగం స్తంభం

కామారెడ్డిలో కొత్తగా కట్టిన ఆ అపార్ట్‌మెంట్‌ను ఎవరైనా నా ముందు పొగిడితే నాకు ఒళ్ళు మండుతుంది. "మన పాత భవంతి ఇండ్ల లెక్క కట్టిన్రట, పోయి చూసినవా?" అని అడుగుతారు. చూడకేం? వాళ్ళు చూసి కట్టిందే మా ఇంటిని. అందులో ఉన్న మంచినంతా వదిలేసి, మా ఇంటి మగవాళ్ళ మూర్ఖత్వాన్ని మాత్రం టేపు పెట్టి కొలిచి మరీ ప్రతి అంతస్తులోనూ కట్టారు.

మాది ఎల్లారెడ్డి. నడుమ ఆకాశం కనిపించే వాకిలి, చుట్టూ కర్ర స్తంభాల వసారా, వసారా వెనక పడుకునే అర్రలు. ఇలాంటి ఇంటినే మా దిక్కు భవంతి అంటారు. మా మామ కాలం చేసిన ఏడాదికే మా ఆయనా, మరిదీ బోరు మోటరు దగ్గర కొట్లాడుకున్నారు. నీళ్ళు ఎవరి వంతు, స్టార్టర్ కాలబెట్టింది ఎవరు, ఇదీ పేచీ. పొలంలో మొదలైన లొల్లి ఇంట్లోకి వచ్చింది. పెద్దమనుషులు కూర్చున్నారు, చాయ్ తాగారు, ఇల్లు చెరి సగమన్నారు. వాకిలి నడిమధ్యన ఇటుక గోడ లేచింది. గోడ వసారా దాకా వచ్చేసరికి సరిగ్గా గీత మీద ఒక స్తంభం అడ్డం తగిలింది. "కంబం నాది" అని మా ఆయన. "ఎట్ల నీదైతది?" అని మరిది. మేస్త్రికి విసుగొచ్చి స్తంభాన్ని గోడలోనే కలిపి కట్టేశాడు. సగం మా వైపు పొడుచుకొచ్చింది, సగం వాళ్ళ వైపు. అన్నదమ్ములిద్దరూ గెలిచామనుకుని ఆ పూట కడుపు నిండా తిన్నారు.

ఓడిపోయింది ఆడవాళ్ళం. వాకిట్లో నీళ్ళు బయటికి పోయే జాలారి మరిది వైపు పడింది. వాన కొడితే మా సగం వాకిలి చెరువై, నా వంటింటి కడప దాటి లోపలికి వచ్చేది. గోడకు అడుగున తూము పెట్టమంటే "మీ మురికి మాకెందుకు వదినె" అన్నాడు మరిది. వాళ్ళకు మాత్రం ఏం ఒరిగింది? గోడ నీడ పడి వాళ్ళ సగంలో మిరపకాయ ఎండేది కాదు, బట్ట ఆరేది కాదు. నా ఏరాలు, అంటే మరిది భార్య, జుక్కల్ మనిషి. కోపమొస్తే సగం తిట్లు మరాఠీలో తిడుతుంది. ఆమెతో ఎదురెదురుగా కూర్చుని వాదించడం నాకు సినిమా చూసినంత సంబరం. గోడ లేచాక ఇద్దరం అరిచి మాట్లాడుకోవలసి వచ్చింది. మా వంటింటి ముచ్చట్లు వీధి వీధంతా వినేది.

ఇద్దరం చెరోవైపు నుంచి పోరి పోరి, ఒక ఎండాకాలం చివరికి మొగుళ్ళను ఒప్పించాం. వానలు పడకముందే గోడ తీసేయాలి. మేస్త్రికి కబురు కూడా పెట్టాం. సరిగ్గా ఆ వారమే బిల్డర్ దిగాడు.

మా ఆయనకు దూరపు చుట్టం. దుబాయ్ నుంచి వచ్చి ప్లాట్లు అమ్మి, ఇప్పుడు లగ్జరీ అనే మాట నేర్చుకున్నాడు. వెంట హైదరాబాద్ నుంచి ఒక ఆర్కిటెక్టును తెచ్చాడు. నలిగిన చేనేత చొక్కా, మెడలో కెమెరా. ఇక్కడి ఇళ్ళ ఆత్మను పట్టుకోవడానికి వచ్చాడట. సరే, పట్టుకో నాయనా అని ఇల్లంతా తిప్పి చూపించాను. మట్టి గోడల మందం చూపించాను, మే నెలలో కూడా అర్రలో ఫ్యాను అక్కర్లేదని చెప్పాను.

"బాగుంది కానీ ఆంటీ, ఇంత మందం పెడితే ఏరియా అంతా గోడలకే పోతుంది."

పైన గూన పెంకు చూపించాను. "మెయింటెనెన్స్" అన్నాడు. వాకిట్లో పడే ఎండ చూపించాను. "డస్ట్" అన్నాడు. అన్నీ చూసి, అన్నీ కాదని, గోడలో ఇరుక్కున్న సగం స్తంభం ముందు ఆగిపోయాడు. దాన్ని చేత్తో నిమిరాడు. నా పెళ్ళిలో మా ఆయన కూడా నన్ను అంత పరవశంగా చూడలేదు.

"సార్, ఇది చూడండి. ప్రైవసీ కావాలి, అనుబంధమూ కావాలి. ఒకే స్తంభం రెండు కుటుంబాలకు! మన పెద్దలు ఎంత లోతుగా ఆలోచించారండీ!"

ఆ పెద్దలిద్దరూ గోడకు చెరోవైపున బనీన్లతో నిలబడి వింటున్నారు.

"పెద్దలు లేరు, లోతు లేదు బాబూ" అన్నాను. "మోటరు కాడ కొట్లాడి కట్టుకున్న గోడ అది. వచ్చే వారం కూలగొడ్తున్నం."

మనిషి కాస్తయినా సిగ్గుపడతాడనుకున్నాను. కళ్ళు ఇంకా పెద్దవి చేశాడు. "అదే కదా ఆంటీ, ప్రతి గోడకూ ఒక కథ ఉండాలి."

బిల్డర్ నా పక్కకు వచ్చి గొంతు తగ్గించాడు. "అక్కా, ఆ కొట్లాట ముచ్చట మనం బయట చెప్పం లే. నువ్వు గూడ చెప్పకు."

ఇక చూడండి చోద్యం. మోటరు దగ్గర మాటలు బందైన అన్నదమ్ములు మొట్టమొదటిసారి ఏకమయ్యారు, అదీ ఒక అబద్ధం దగ్గర. "మా తాతల కాలం నుంచి గిట్లనే ఉన్నది సార్" అన్నాడు మా ఆయన. గోడ అవతలి నుంచి "అవ్ అవ్, తాతల నుంచే" అని మరిది గొంతు. ఆ గోడ సిమెంటులో నా కొడుకు చిన్నప్పటి చేతి ముద్ర స్పష్టంగా ఉండేది. తాతల కాలమట!

మేస్త్రిని వద్దన్నారు. ముందు ఫోటోలయ్యేదాకా ఆగమన్నారు. తర్వాత వీడియో అన్నారు. ఆ తర్వాత ఫ్లాట్లు కొనేవాళ్ళకు అసలుది చూపించాలన్నారు. ఆదివారమొస్తే ఇంటి ముందు కార్లు. కామారెడ్డి డాక్టర్లూ, మిల్లుల వాళ్ళూ భార్యలతో వచ్చి సగం స్తంభాన్ని కౌగిలించుకుని సెల్ఫీలు దిగేవారు. మా ఆయన ఇస్త్రీ చొక్కా వేసుకుని వాకిట్లో నిలబడి వివరించేవాడు. వానాకాలంలో వచ్చినవాళ్ళు మడమల దాకా నీళ్ళలో నిలబడి "ఎంత బాగుందో, వాటర్ బాడీ కూడా ఉంది" అన్నారు. ఆ వాటర్ బాడీని చెంబుతో ఎత్తిపోస్తున్న దాన్ని నేను. నాకేసి చూసి ఒకావిడ ఫోటో కూడా తీసుకుంది.

మరుసటి వానాకాలం కూడా అలాగే గడిచింది. గోడ మీంచి ఏరాలు అరిచేది: "అక్కా, నీళ్ళు వచ్చినయా?"

"పొయ్యి కాడికి వచ్చినయి."

"దేవా రే! గీ మొగోళ్ళకు బుద్ధి ఎప్పుడొస్తదో."

మొన్న ఎండాకాలంలో బిల్డింగు తయారైంది. రెండు కుటుంబాలనూ కారు పంపి పిలిపించారు. కింద హాల్లో ఎడ్లబండి చక్రాన్ని గోడకు మేకులు కొట్టి వేలాడదీశారు. బండి లాగినవాళ్ళెవరూ ఆ బిల్డింగులో ఇల్లు కొనలేదనుకోండి, అది వేరే సంగతి. అన్నిటికన్నా పై అంతస్తులో ఒక ఫ్లాటు చూపించారు. నడుమ రెండు మంచాలు పట్టేంత జాగా, దాని పేరు భవంతి. గోడకు సగం స్తంభం. ఏరాలు వేళ్ళ కణుపులతో కొట్టి చూసింది.

"అక్కా, సిమెంటు. మీద కర్ర రంగు ఏసిన్రు."

ఆర్కిటెక్టు నవ్వుకుంటూ వచ్చాడు. ఆమె అడిగింది: "మిగిలిన సగం ఏడున్నది బాబూ?"

"పక్క ఫ్లాట్లో ఉంది ఆంటీ. రెండు కుటుంబాలకూ ఒకే పిల్లర్. అదే మన కాన్సెప్ట్."

"అంటే పక్కింటోళ్ళతోటి కొట్లాడకముందే గోడ కట్టిచ్చినవా? మావోళ్ళే నయం, మంచిగ తిట్టుకున్నంక కట్టిన్రు."

అతను ఇంకా నవ్వుతూనే ఉన్నాడు. నేను అందుకున్నాను. "జాలారి ఎటు పెట్టినవు?"

"అదేంటి ఆంటీ?"

"వాకిట్ల పడ్డ వాన నీళ్ళు ఎటు పోతయి అని."

"వాన రాదు ఆంటీ. పైన గ్లాస్ ఉంది కదా."

"వాన రాదు, దుమ్ము రాదు, గాలి రాదు. మరి భవంతి ఎందుకు కట్టినవు? గోడ కోసమా?"

అతన్ని ఎవరో పిలిచారు, లేదా పిలిచినట్టు నటించాడు. స్టేజీ మీద అన్నదమ్ములకు శాలువాలు కప్పారు. వారసత్వాన్ని కాపాడినందుకట. ఇద్దరూ పక్కపక్కన, పెళ్ళికొడుకుల్లా. తిరుగు ప్రయాణంలో శాలువా తీయకుండానే మా ఆయన తేల్చి చెప్పాడు: "ఇగ ఆ గోడ జోలికి ఎవ్వరు పోవద్దు. అది పోతే మన పేరు పోతది."

"పేరు నీకు, చెంబు నాకు" అన్నాను.

"ఎత్తిపోస్తే ఏమైతదే? ఇన్నేండ్లు పోయలేదా?"

వెనక సీట్లో ఏరాలు నా మోచేతిని నొక్కింది.

వానలు పడే ముందు ఒక ఆదివారం బిల్డర్ మళ్ళీ కారు పంపాడు. కొనడానికి వచ్చినవాళ్ళకు అసలు వారసులను చూపించాలట. శాలువాలు మడిచి సంచిలో పెట్టుకుని ఇద్దరూ వెళ్ళారు. కారు మలుపు తిరగగానే గోడ అవతలి నుంచి గొంతు: "అక్కా, పోయిన్రా?"

"పోయిన్రు. గడ్డపార ఉన్నదా?"

"చేతిలనే ఉన్నది."

మేస్త్రిని పిలవలేదు. పిలిస్తే వాడు ముందు మా ఆయనకే ఫోను చేస్తాడు. పై వరస నుంచి మొదలుపెట్టాం. మొదటి ఇటుక ఊడడానికే చాలాసేపు పట్టింది. కొట్లాట మీద కట్టిన గోడ కదా, సిమెంటు బాగా కలిపించారు. తర్వాత సులువైంది. ఏరాలి ముఖం కొంచెం కొంచెంగా కనిపించింది, ముందు కొప్పు, తర్వాత కళ్ళు, తర్వాత ఆగకుండా తిడుతున్న నోరు. గోడలో దాగిన స్తంభం పక్కలు చెదలు పట్టి గరుకుదేరాయి. అయినా నిలబడింది.

సాయంత్రం మగవాళ్ళు చెరో దర్వాజ నుంచి లోపలికి వచ్చి, ఒకే వాకిట్లో ఎదురుబొదురుగా తేలారు.

"గోడ ఏదే?" అన్నాడు మా ఆయన.

"కామారెడ్డికి పోయి చూసుకో. ఆడ అంతస్తుకొకటి ఉన్నది."

ఆయన ఇటుకల కుప్పను చూశాడు, తమ్ముణ్ణి చూశాడు. మరిది మాత్రం స్తంభాన్నే చూస్తున్నాడు.

"మరి వదినె, ఇప్పుడు కంబం ఎవరిది?"

"నా దిక్కే ఎక్కువ ఉన్నది చూడు" అన్నాడు మా ఆయన వెంటనే.

"ఎట్ల ఉంటది నీ దిక్కు?"

నేను వంటింట్లోకి వెళ్ళి బిందె ఎత్తుకొచ్చి, మా కడప ముందు గుమ్మరించాను. నీళ్ళు ఒక్క క్షణం అలవాటు చొప్పున గోడ ఉన్నచోట ఆగినట్టే ఆగి, ఇటుక పొడిని ఎర్రగా కలుపుకుని ముందుకు సాగాయి. అన్నదమ్ములిద్దరూ వాదన ఆపి చెప్పుల కాళ్ళు పైకెత్తారు. నీళ్ళు వాళ్ళ నడుమ నుంచి పోయాయి.

అవతలి మూలన జాలారి దగ్గర కూర్చున్న ఏరాలు, అరవాల్సిన పని లేకపోయినా అరిచింది: "వచ్చినయి అక్కా, వచ్చినయి!"